బోర్లా పడుకుని ఆడిన ఆట

వెల్లుల్లి మాడిన వాసన గల్లీ మొదట్లోనే నా మాస్కులోకి దూరింది. అది మా ఇంట్లోంచే వస్తోందని గుమ్మం ఎక్కాక గాని తెలియలేదు. అమ్మ పొయ్యికి వీపు పెట్టి కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వెనక మూకుడులో పోపు నల్లగా మాడిపోయింది.

"అమ్మా, పోపు మాడుతాంది!" అని అరిచాను.

అమ్మ లేచి మూకుడు మీదికి వంగింది. ముక్కు ఎగబీల్చింది. మళ్లీ ఎగబీల్చింది. "నాకేం వాసనొస్తలేదు బిడ్డా" అంది.

అప్పుడు మా ఇద్దరి ముఖాలూ ఒకేలా పాలిపోయి ఉంటాయి. ఆ మాటకు అర్థం ఏమిటో రెండోసారి కరోనా విరుచుకుపడిన ఆ ఎండాకాలంలో సూరత్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను స్టవ్ ఆర్పేశాను. అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి, లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

మేముండేది పాండేసరలో, రంగుల మిల్లుల వెనక. రెండు గదులూ ఒక వంటగదీ. బాపు పెళ్లి కాకముందే కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడపడం మొదలుపెట్టాడు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించేది. నేను అడాజన్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాను. వాళ్లకు నేనొక్కదాన్నే.

ఆ రాత్రికి అమ్మకు జ్వరం వచ్చింది. మర్నాడు దగ్గు. గల్లీ చివర క్లినిక్ నడిపే డాక్టరు మనిషిని లోపలికి రానివ్వడం మానేశాడు, ఫోన్‌లోనే మాట్లాడేవాడు. మందులు చెప్పాడు, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ కొనమన్నాడు. "ఆస్పత్రి పేరు ఎత్తకండి, ఎక్కడా మంచం లేదు. తొంభై కిందికి దిగితే మాత్రం ఫోన్ చెయ్యండి" అన్నాడు. ఫోన్ చేస్తే ఏం చేస్తాడో చెప్పలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మొదటి నాలుగైదు రోజులూ అంకె బాగానే ఉంది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. అమ్మ వేలు తలుపు సందులోంచి బయటికి చాపేది, నేను మిషన్ తగిలించి చూసేదాన్ని. బాపు నా వెనక నిలబడి, "ఎంతొచ్చింది? ఎంతొచ్చింది?" అని అడిగేవాడు. ఉన్న అంకెకు నేను ఒకటి కలిపి చెప్పేదాన్ని.

డాక్టరుకు ఫోన్ చేశాను. "పేట్ కే బల్ సులావో. బోర్లా పడుకోబెట్టండి, ఎంతసేపు వీలైతే అంతసేపు. ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి. ఇప్పుడు మన చేతిలో ఉన్నది అదొక్కటే" అన్నాడు.

అమ్మ బోర్లా పడుకోదు. అదే మా ప్రాణాల మీదికి వచ్చింది. పొట్ట కింద దిండు పెట్టి తిప్పితే రెండు నిమిషాలు ఉండేది, ఇంతలో "రొమ్ము మీద బండ పెట్టినట్టున్నది, నాతోని కాదు" అని వెల్లకిలా తిరిగేది. వెల్లకిలా తిరిగితే అంకె పడిపోయేది. బతిమాలాను, కోప్పడ్డాను, ఏడ్చాను. అమ్మ కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగి పడుకునేది. పడుకున్న ఆమె పక్కటెముకలు ఎగిరెగిరి పడుతుంటే తలుపు దగ్గర నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాను.

బాపు స్టూలు తెచ్చి అటక కింద వేశాడు. పైనుంచి ఒక అట్టపెట్టె దించి, దుమ్ము దులిపి, తెరిచాడు. అందులో మా పాత టీవీ గేమ్ ఉంది.

"ఇప్పుడు గదెందుకు బాపూ?" అన్నాను. మతి తప్పిందేమోనని నిజంగానే భయపడ్డాను.

"నువ్వు బడికి పోయినంక మీయమ్మ ఇది ఎట్ల ఆడేదో నీకెరుక లేదు" అన్నాడు బాపు. "సాంచల కాడ రాత్రి పాలి దిగి నేను ఇంటికొచ్చేటాళ్లకు టీవీ కింద పెట్టుకొని, నేల మీద బోర్లా పండుకొని ఆడేది. ఎన్నిసార్లు సూసిన్నో."

ఆ గేమ్ నేను బళ్లో చదివేటప్పుడు బాపు ఆదివారం సంతలో నా కోసం కొన్నది. పసుపు రంగు క్యాసెట్ పెడితే ఆడేది, రెండు రిమోట్లు, పొట్టి వైర్లు. నా ఈడు పిల్లలందరికీ తెలుసు అవి. అమ్మకు అందులో ట్యాంకుల ఆట ఇష్టం. తెర అడుగున ఇటుకల గోడ మధ్య ఒక పక్షి బొమ్మ ఉంటుంది, పైనుంచి శత్రువుల ట్యాంకులు దిగుతాయి, అవి పక్షిని కొట్టకముందే మనం వాటిని కొట్టాలి. నేను పెద్దదాన్నై వదిలేసినా అమ్మ వదల్లేదు. పాత టీవీ పాడయ్యేదాకా ఆడింది. మొదటి లాక్‌డౌన్‌లో, సాంచాలు ఆగిపోయి గల్లీలో మగవాళ్లంతా మూటలు కట్టుకుని ఊళ్ల దారి పట్టిన ఆ రోజుల్లో, కొత్త టీవీ వెనక కూడా దానికి సరిపడే పిన్నులున్నాయని నేను కనిపెట్టాను. మళ్లీ మొదలైంది. ఫోన్‌లో ఇంతకంటే అందమైన ఆటలున్నాయని చూపిస్తే అమ్మ ఒక్కసారి ఆడి తిరిగిచ్చేసింది. "నా ఏలు కిందనే అంత దాగుతాంది, ఏం కనవడుతది? ఈ ఆటలనైతే వాళ్లు ఏ దిక్కు నుంచి అస్తరో ఎరుకే గదా" అంది. బయట ఏ దిక్కు నుంచి ఏం వస్తుందో తెలియక మేం తలుపుల గొళ్లేలు కూడా సబ్బుతో కడుగుతున్న కాలం అది.

బాపు ముందు గదిలో గోడ మీంచి టీవీని దించి, లోపలి గదిలో నేలమీద ఆనించాడు. ముక్కుకూ నోటికీ తువ్వాలు కట్టుకుని వైర్లన్నీ తగిలించాడు. పరుపు ముందుకు లాగి, రిమోట్ దాని మీద పెట్టి బయటికొచ్చాడు. అమ్మను ఏమీ అడగలేదు. ఆట మొదలయ్యే ముందు వచ్చే ఆ చిన్న సంగీతం వినిపించింది. తర్వాత ట్యాంకులు నడిచే గుర్‌మనే మోత.

కాసేపటికి అమ్మ తల తిప్పి చూసింది. ఇంకాసేపటికి మోచేతుల మీద లేచి, దిండు రొమ్ము కిందికి లాక్కుని బోర్లా పడుకుంది. రిమోట్ అందుకుంది. మొదటి ట్యాంకును కొట్టేసరికి దగ్గు వచ్చింది. దగ్గుతూనే రెండోదాన్ని కొట్టింది.

సాయంత్రం అంకె నిజంగానే ఒకటి పెరిగింది. ఆరోజు నేనేమీ కలపలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో పొద్దంతా ఆ గుర్‌మనే మోతే. గది చిన్నది, రెండో రిమోట్ వైరు లాగితే తలుపు దాకా వచ్చేది. రెండు మాస్కులు పెట్టుకుని, కిటికీ బార్లా తెరిచి, గుమ్మంలో కూర్చుని నేను కూడా ఆడేదాన్ని. అమ్మకు మాట్లాడే శక్తి లేదు. నేను తప్పు దారిలో పోతే రిమోట్‌తో నేలమీద టక్కున కొట్టేది. వంటగదిలో ఉన్నప్పుడు మోత ఆగితే నా చేతిలో గిన్నె ఆగిపోయేది. ఆట అయిపోయిందా, నిద్రపోయిందా, ఇంకేమన్నా జరిగిందా? తలుపు దాకా వెళ్లే ఆ పది అడుగులూ నాకు ఎంత దూరమో చెప్పలేను.

బయట అంబులెన్సుల కూత ఆగేది కాదు. ఎదురింట్లో ఒక గుజరాతీ ముసలామె ఉండేది. రోజూ మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరించేది, మాకు మజ్జిగ ఇచ్చేది. ఒక పొద్దున ఆమెను అంబులెన్సులో ఎక్కించారు. రెండోరోజు ఆమె కొడుకు ఒక్కడే తిరిగొచ్చి, మెట్ల మీద తలకాయ పట్టుకుని కూర్చున్నాడు. మేం కిటికీలోంచి చూశాం. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేయడానికి కూడా లేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ ఆట ఆపి, "ఎదురింటామె గొంతు ఇనవడ్తలేదేంది?" అని అడిగింది.

బాపు నా వైపు చూడకుండా, "బిడ్డ దగ్గరికి పోయిందట" అన్నాడు.

అమ్మ కాసేపు ఆయన వైపే చూసి మళ్లీ బొత్తాం నొక్కింది. ఆమెకు అంతా తెలుసని, అంబులెన్సు ఆ ఇంటి ముందు ఆగడం కిటికీలోంచి చూసిందని నాకు చాలా నెలల తర్వాత చెప్పింది. నమ్మినట్టు ఊరుకోకపోతే బాపు అక్కడే ఏడ్చేస్తాడని అనిపించిందట.

ఇంకో రెండు రోజులకు, మధ్యాహ్నం అన్నాలు తినే వేళకు నాకు మళ్లీ కాలిన వాసన వచ్చింది. ఈసారి ప్లాస్టిక్. లోపల గేమ్ అడాప్టరు నల్లబడి పొగ వస్తోంది, అమ్మ దాని పక్కనే పడుకుని ఏమీ తెలియక ఆడుతోంది. పరుగెత్తి స్విచ్ తీసేశాను. తెర నల్లగా అయిపోయింది.

అమ్మ రిమోట్ వదిలేసి వెల్లకిలా తిరిగింది. "పోనీ తియ్, ఇగ సాలు" అంది. ఆ 'సాలు' అనే మాట నాకు ఆటను గురించి అన్నట్టు వినిపించలేదు. మిషన్ పెట్టి చూశాను. తొంభై దగ్గర ఊగుతోంది.

బాపు చొక్కా తొడుక్కున్నాడు.

"ఏడికి పోతవ్ బాపూ? దుకాణాలన్ని బందున్నయి" అన్నాను.

"అడాప్టరు ఎవని తానన్న ఉండదా" అని బయటపడ్డాడు. ఫోన్ ఇంట్లోనే మరచిపోయాడు. గల్లీలో ఆయన ముఖానికి మాస్కు కూడా సరిగ్గా లేదని వెనక నుంచి చూశాను. ఇక ఇద్దరి గురించీ భయం ఒకేసారి పట్టుకుంది.

నేను గదిలోకి వెళ్లి అమ్మ తల దగ్గర కూర్చున్నాను. "అమ్మా, జర బోర్ల తిరుగు."

"ఏం... సూసుకుంట పండుకోవాలె? అంత నల్లగున్నది."

"నేను చెప్తా, నువ్వు ఆడు. రిమోట్ పట్టుకో. ఇగో, ఆట షురూ అయింది. ఎడమ మూల నుంచి ఒకటి దిగింది."

నేనేం అంటున్నానో నాకే తెలియదు. నోటికి వచ్చింది అంటున్నాను. అమ్మ కళ్లు మూసుకుంది. తర్వాత, ఒక్కో మాటకు ఆగుతూ, "ముందుగాల... నడిమిట్లకెళ్లి... అస్తది" అంది.

"సరే, నడిమిట్ల అచ్చింది. కొట్టు."

అమ్మ మెల్లగా ఒక పక్కకు తిరిగింది. నేను భుజం పట్టి సాయం చేశాను. ఒళ్లు కాలిపోతోంది. బోర్లా పడుకుని, చచ్చిపోయిన రిమోట్ మీద బొటనవేలితో నొక్కింది.

"కొట్టిన."

"కుడి మూలకు ఇంకోటి. ఇటుకలు పలగ్గొడుతాంది అమ్మా, పక్షి దగ్గరికొస్తాంది."

"నువ్వేం... జేస్తున్నవ్ మరి?" అంది. ఆటలో రెండో ట్యాంకు నాదని అప్పుడు గుర్తొచ్చింది. "నేను గోడ దగ్గరున్న, నేను ఆపుతున్న" అన్నాను. ప్రతి మాటా గట్టిగా అన్నాను. అలా ఎన్ని ట్యాంకులు దించానో, ఎన్ని కొట్టించానో. మధ్యలో అమ్మ వేలు ఆగినప్పుడల్లా ఆమె వీపు మీద చెయ్యి పెట్టి, అది లేస్తోందా లేదా అని చూసేదాన్ని. లేస్తోంది. మళ్లీ ఇంకో ట్యాంకును దించేదాన్ని. చెప్పగా చెప్పగా నా నాలుక పిడచకట్టుకుపోయింది.

బాపు వచ్చేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది. నగరం అవతలి కొసన ఇచ్ఛాపూర్ దాకా సైకిలు తొక్కుకుంటూ పోయాడట. ఒకప్పుడు ఆయన పక్క సాంచా నడిపిన మనిషి ఇప్పుడు అక్కడ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు, అతని ఇంట్లో కేబుల్ డబ్బా అడాప్టరు ఒకటి ఉంటే గేటు మీంచి విసిరాడట. పిన్ను సరిపోలేదు. బాపు రెండు వైర్లూ పళ్లతో ఒలిచి, పాత పిన్ను కోసి, మెలిపెట్టి కలిపాడు. వెలగలేదు. వైర్లు తారుమారు చేసి మళ్లీ కలిపాడు. ఆ చిన్న సంగీతం వినిపించింది.

బాపు బయటి గదిలోకి వచ్చి గోడకు ఆనుకుని కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. లోపల మోత సాగుతూనే ఉంది.

అంకె ఆ సాయంత్రం నిలబడింది. మర్నాడు నిలబడింది. ఆ తర్వాత, మాకు నమ్మకం కుదరనంత మెల్లగా, ఎక్కడం మొదలుపెట్టింది. జ్వరం దిగింది. ఆస్పత్రి మొహం చూడకుండానే అమ్మ గండం గట్టెక్కింది. బోర్లా పడుకోవడం వల్లనో, మందుల వల్లనో, ఆయుష్షు ఉండటం వల్లనో నేను చెప్పలేను. డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. "అచ్ఛా హువా, మంచిదైంది" అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత బాపుకూ నాకూ జ్వరం వచ్చి పోయింది గాని ఊపిరి దాకా రాలేదు.

కాని అమ్మ ఆ తర్వాత గేమ్ ముట్టలేదు. టీవీని తిరిగి గోడకు తగిలించాక పెట్టె మూలన పడి ఉండేది. నేను అడగడానికి భయపడేదాన్ని. రాత్రుళ్లు కూడా కూర్చునే నిద్రపోయేది. వంటగది నుంచి గదిలోకి నడిచి, మంచం పట్టె పట్టుకుని నిలబడేది. రెండు మాటలకు ఒకసారి ఆగేది. ఆగినప్పుడల్లా బాపూ నేనూ ముఖాలు చూసుకునేవాళ్లం.

వానాకాలం సగంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను బట్టలు మడత పెడుతుంటే ముందు గదిలోంచి మోత వినిపించింది. వెళ్లి చూశాను. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన నేలమీద బాపు, చేతిలో రెండో రిమోట్. ఆయన ఎన్నడూ దాన్ని పట్టుకున్నవాడు కాదు. ఏ బొత్తాం దేనికో తెలియక తన ట్యాంకు గుండుతోనే పక్షి బొమ్మను పేల్చేశాడు. ఆట అయిపోయింది.

అమ్మ ఆయన వైపు తిరిగింది. "ఏందయ్యా, ఎవ్వలన్న సొంత పక్షిని సంపుకుంటరా, ఇన్నేండ్లు సాంచ నడిపినోనికి రెండు బొత్తాలు నొక్కరాదా, ఇటియ్యి, ఇగ నువ్వు నా పక్కపొంటి కూసోకు!" అంది.

ఎక్కడా ఆగలేదు. నేను మడత పెడుతున్న చీర పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, ఆ మాటల వెనకాలే దగ్గు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. బాపు నవ్వుతూ మళ్లీ ఆట మొదలుపెట్టాడు.