మళ్లీ కొనాలంటే పడే ఖర్చు

జిల్లా రెండుగా విడిపోయి పుట్టపర్తి కొత్త జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, నేను సోమందేపల్లె మండలంలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. పశువైద్యుల్లో గెజిటెడ్ హోదాకు ఇది మొదటి మెట్టు. సూది వేయడం, పురుడు పోయడం మా పని అని అందరికీ తెలుసు. సంతకం పెట్టడం కూడా మా పనేనని, ఆ సంతకానికి కోర్టులో జవాబు చెప్పవలసి వస్తుందని చాలామందికి తెలియదు. రోడ్డు మీద పశువు చస్తే పోలీసులు మాకు కబురు పెడతారు. మేము శవపరీక్ష చేసి, చావుకు కారణం, పశువు వయసు, దాని విలువ రాసి ధ్రువపత్రం ఇస్తాం.

ఒక ఉదయం జాతీయ రహదారి దాటుతున్న మందను లారీ గుద్దింది. పదకొండు గొర్రెలు చచ్చాయి. ఆ మంద ఓబులమ్మది. భర్త పోయాక ఆమె ఒక్కతే మేపుకుంటోంది. వాన లేని ఏడు వేరుశనగ చేతికి రాదు కనుక ఆ ఇంటికి మందే ఆధారం. చచ్చినవాటి స్థానంలో మళ్లీ గొర్రెలు వస్తే ఆమె ఊళ్లో ఉంటుంది. రాకపోతే మిగిలినవాటిని కూడా అమ్ముకుని బెంగళూరులో ఇటుకలు మోయడానికి పోవాలి. ఈ సంగతి ఆమే నాకు చెప్పింది, ఏడవకుండా.

శవపరీక్షలో తొమ్మిది గొర్రెలు చూడివని, అంటే కడుపుతో ఉన్నవని తేలింది. గొర్రె వయసు ముందు పళ్లను బట్టి కడతాం. వీటిలో చాలావరకు నాలుగు పళ్లవి, ఇంకా ఎన్నో ఈతలు ఈనవలసినవి. గొయ్యి తీయించి, సున్నం చల్లి పూడ్పించాను.

మధ్యాహ్నానికి లారీ బీమా తరఫున సర్వేయరు వచ్చాడు. నష్టం అంచనా కట్టేవాణ్ణి ఆ రంగంలో అలా పిలుస్తారు. గొర్రెకు ఇన్ని కిలోల మాంసం, కిలో ఇంత, హెచ్చవేస్తే అదే విలువ అన్నాడు. నన్నూ అలాగే రాయమన్నాడు. ఆ డబ్బుకు సంతలో సగం గొర్రెలు కూడా రావు. చూడి సంగతి చెబితే నవ్వాడు.

"పుట్టనిదానికి కూడా ధర కడతారా డాక్టర్ గారూ? అయితే దాని పిల్లకు, ఆ పిల్ల పిల్లకు కూడా కడదాం పట్టండి."

పక్కనే లారీ యజమాని ఉన్నాడు. నాలుగు లారీలు, రాజకీయాల్లో పలుకుబడి ఉన్న మనిషి. "ఏమన్నా, సచ్చిన గొర్రెకు బతికినదాని ధర యాడన్నా ఉండాదా?" అన్నాడు.

"బతికున్నప్పుడే కదప్పా నీ లారీ గుద్దింది" అన్నాను.

అంతవరకూ నేల మీద కూర్చున్న ఓబులమ్మ లేచింది. "నేనేమన్నా కోసి అమ్మేదాన్నా సార్, తూకం లెక్క రాసేకి? అట్లాటివి మళ్లా నా మందలోకి రావల్లంటే ఎంత పడతాదో అది రాయండి."

నేను పశువైద్యం కళాశాలలో చదివాను. మాటలు మాత్రం శాఖా గ్రంథాలయంలో, ఎవరూ చెప్పకుండా, సెలవు దినాల్లో నిఘంటువులు తిరగేసి నేర్చుకున్నాను. ఖరీదు అన్న మాట పారసీ నుంచి వచ్చిందని, అక్కడ దానికి కొనడం అని అర్థమని అలా తెలుసుకున్నదే. కొనేవాడు లేకుండా ఖరీదు లేదు. మా ధ్రువపత్రంలో మాత్రం ఉత్త 'విలువ' అని ఉంటుంది. ఎవరికి విలువ అన్నది ఉండదు. మా వైపు ఎక్కువ ధరను పిరెం అంటారు, తక్కువ ధరను అగ్గవ అంటారు. కసాయికి పిరెమైన చూడి గొర్రె మంద పెంచేవాడికి అగ్గవ. రెండూ నిజమే. ఓబులమ్మ కసాయి కాదు.

వారపు సంతనాడు నేనే వెళ్లాను. అక్కడ గొర్రె ధర ఎంత అని ఎవరూ అడగరు. "జత ఎట్ల పోతాండాది?" అని అడుగుతారు, ఎందుకంటే అమ్మకం జతల్లోనే. నేనూ అలాగే అడిగి, కొనేవాడిలా పళ్లు చూసి బేరమాడాను. ఒక వ్యాపారి నన్ను గుర్తుపట్టాడు.

"ఏమప్పా డాక్టరూ, సూది ఇడిసిపెట్టి గొర్రెలు కాసేకి వస్తాండావా?"

"జీతం చాలడం లేదప్పా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు తర్వాత బేరం కొంచెం దిగింది కూడా. వచ్చిన పని చెప్పి, చూడి గొర్రెల జతకూ ఒట్టి గొర్రెల జతకూ ముగ్గురు అమ్మకందారులు చెప్పిన ఆఖరు మాటను వాళ్ల సంతకాలతో తీసుకున్నాను. ధ్రువపత్రంలో విలువ దగ్గర ఇలా రాశాను: ఇదే వయసు, ఇదే స్థితిలో ఉన్న గొర్రెలను సంతలో తిరిగి కొనడానికి పడే ఖర్చు.

పైనుంచి ఫోన్ వచ్చింది. ఇంకోసారి ఆలోచించమన్నారు. ఆలోచించే రాశానని, మార్చాలంటే ఆదేశం కాగితం మీద పంపమని చెప్పాను. కాగితం రాలేదు.

నష్టపరిహారం కేసు కోర్టుకు వచ్చినప్పుడు అవతలి వకీలు, మీరు డాక్టరా, గొర్రెల వ్యాపారా అని అడిగాడు. పళ్లు చూడడానికి డాక్టర్ని, ధర తెలుసుకోవడానికి సంతకు పోయినవాణ్ణి, సర్వేయరు గారు ఈ రెండూ చేయలేదు అని జవాబిచ్చాను. చూడి గొర్రెలకు నా అంచనాను కోర్టు పూర్తిగా ఒప్పుకుంది. మిగిలిన రెండింటికి కొంత కోసింది. ఆ డబ్బుతో ఓబులమ్మకు పదకొండు గొర్రెలు రాలేదు, పది వచ్చాయి. ఆమె బెంగళూరుకు పోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నన్ను గుమ్మఘట్టకు బదిలీ చేశారు. రెండింటికీ సంబంధం ఉందనేవాళ్లున్నారు. నేను విచారించలేదు. గుమ్మఘట్టలోనూ గొర్రెలున్నాయి.

ఈ వ్యవహారం నాకు నేర్పినది చిన్నదే. విలువ రాయమని ఇచ్చే గడి ఖాళీగా కనిపిస్తుంది గానీ, అందులో ముందే ఎవరో ఒకరి ధర కూర్చుని ఉంటుంది. అది ఎవరిదో అడగకుండా సంతకం పెట్టకూడదు. అడిగితే కొందరికి కోపం వస్తుంది. రానివ్వాలి. అప్పటినుంచి ఇప్పటివరకు, మేపుకునే పశువుకు నేను మాంసం ధర రాయలేదు.