చూసినవా, విన్నవా?

జనగామలో మాది చిన్న రేడియో. రఘునాథపల్లి దాటితే గరగరలే. పగలు పన్నెండింటికి వచ్చే ఫోన్ల కార్యక్రమం నాది. చేలో పత్తి ఏరే ఆడవాళ్లూ వింటారు, గట్టు మీద కూర్చున్న రైతూ వింటాడు. ఎవరి మీద ఎవరేం చెప్పినా నేనడిగే మొదటి ప్రశ్న ఒకటే: "చూసినవా అన్నా, విన్నవా?" విన్నానంటే అక్కడే ఆపేసేదాన్ని. సర్పంచి మీద చెప్పినా, కరెంటోళ్ల మీద చెప్పినా అదే లెక్క. నా అంత నిక్కచ్చి మనిషి లేదని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

నేను లంబాడీ తండా పిల్లనన్న సంగతి మాత్రం మైకు ముందు ఎన్నడూ చెప్పలేదు. ఇంట్లో మా మాట, బయట తెలుగు. చెబితే ఒక వైపు దాన్నంటారని భయం.

ఆ వారం బోరు మోటర్ల తీగలు పోతున్నాయి. రాగి కోసం ఎవరో కోసుకుపోతున్నారు. ఫోన్లన్నీ దాని మీదే. మా పక్క ఊరి పెద్ద రైతు ఒకాయన లైన్లోకి వచ్చాడు. "ఇంకెవరు చేస్తరు బిడ్డా? గా తండోళ్లే. పొద్దంతా పత్తి ఏరుకుంట ఏడేడ మోటరున్నదో చూసుకుంటరు" అన్నాడు.

ప్రశ్న నోటిదాకా వచ్చింది. అడగలేదు. తండాను వెనకేసుకొస్తోందని అనుకుంటారేమోనని భయపడ్డాను. "అది మీ అభిప్రాయం. వేరే అభిప్రాయం ఉన్నోళ్లు ఫోన్ చేయొచ్చు" అన్నాను. ఎవరు చేస్తారు, నా మొహం! మా ఆడవాళ్లంతా ఆ టైముకు ఆయన చేలోనే నడుం వంచి ఉన్నారు, నా రేడియోనే వింటూ.

మర్నాడు ఆ రైతు చేలకు కూలీలను తీసుకుపోయే ఆటో రాలేదు. మా యాడి, అంటే మా అమ్మ, ఇంకో పదిమంది ఆడవాళ్లు పత్తి ఏరే గుడ్డలు నడుముకు కట్టుకుని రోడ్డు మీద నిలబడి నిలబడి, ఎండెక్కాక తిరిగొచ్చారు. మూడు రోజులు అంతే. చేలలో పత్తి పగిలి నేల రాలుతున్నా పిలుపు లేదు. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నాకు కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే కుదురు లేదు. అన్నం ముందు నుంచి లేచి వాకిట్లోకి పోయి రోడ్డు చూసి వచ్చేదాన్ని. అందరినీ అడిగే ప్రశ్న మావాళ్ల దగ్గరికొచ్చేసరికి మింగేశాను. ఎవరి పక్షమూ పట్టనన్న పేరు కోసం గోడ మీది పిల్లినయ్యాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నాలుగో రోజు కార్యక్రమంలో ఆ రైతుకు నేనే ఫోన్ కలిపాను.

"మొన్న తండోళ్లే అన్నవు గదా బాపూ. చూసినవా, విన్నవా?"

"చూసుడేంది? అందరంటున్నరు."

"అంటే చూడలే."

"చూడలే. అయితేంది?"

"గిది నేను ఆనాడే అడగాల్సుండె. అడగలే, తప్పు నాది. నాది గదే తండా. నీ చేన్ల పత్తి ఏరేటోళ్లల్ల మా అమ్మున్నది."

ఆయన గొంతు మెత్తబడింది. "అయ్యో, ముందుగాల్ల చెప్పకపోతివి బిడ్డా! తెలిస్తే గా మాట అందునా?"

మైకు కట్టేసి బయటికొచ్చి ఏడ్చేశాను. సంతోషంతోనే. గండం గట్టెక్కిందనుకున్నాను.

తెల్లారి నేనూ వాళ్లతో రోడ్డు మీదికి పోయాను. ఆటో వచ్చింది. పదకొండు మందీ గబగబా ముందుకొచ్చారు. డ్రైవరు తల బయటపెట్టి, "రేడియో బిడ్డ వాళ్లమ్మ ఎవరు? ఆమె ఒక్కదాన్నే తోలుకరమ్మన్నరు" అన్నాడు.

అందరూ ఆగిపోయారు. మా యాడి నడుముకున్న గుడ్డ విప్పి, మడిచి చంకలో పెట్టుకుంది. ఆటో ఎక్కలేదు. నా దగ్గరికి వచ్చి, మా మాటలో, ఆ పదిమందికీ వినబడేట్టుగా అడిగింది.

"నువ్వు నా ఒక్కదాని కోసమే మాట్లాడినవా బిడ్డా?"