జల్లెడ మీద నిలిచినవి రాళ్లు కావు

తార్నాకలో మా లారీ ఆగేసరికి ఉదయం ఆరున్నర. జూలై నెల, ముసురు. ఇంజనీర్ దళం నుంచి ఎనిమిది మందిమి వచ్చాం. యూనివర్సిటీ క్యాంపస్‌లో క్యాడెట్ల శిబిరానికి ఆరడుగుల లోతు కందకం తవ్వాలి. గడువు నాలుగు రోజులు. నేను హవల్దారుని, మట్టి పరీక్ష నా పని.

మీరు మట్టంటే అంతా ఒకటే అనుకుంటారు. కాదు. జల్లెడల్లో పోసి, రేణువు సైజును బట్టి కంకరో, ఇసుకో, బంకమన్నో తేల్చాలి. కంకర ఎక్కువున్న మొరమైతే గోడ నిలుస్తుందని మా కెప్టెన్ లెక్క. బంకమన్నయితే వానకు జారుతుంది, గోడలకు చెక్కలు ఆనించాల్సిందే. అందుకే జల్లించే ముందు మట్టిని రాత్రంతా నానబెట్టి కడగాలి. కడగకపోతే బంకమన్ను ఎండి గడ్డ కట్టి, రాళ్లలాగే జల్లెడ మీద నిలుస్తుంది.

కెప్టెన్ వాచీ చూసుకున్నాడు.

"మట్టికి స్నానం చేయిస్తవా ఏంది? పెనం మీద ఎండబెట్టి జల్లించు. మధ్యాహ్నానికి రిపోర్ట్ కావాలె."

జల్లించాను. గడ్డలు నిలిచాయి. అవి రాళ్లు కావని నాకు తెలుసు. అయినా 'మొరం' అని రాసి సంతకం పెట్టాను. థూ, నా బతుకు!

మూడో రోజు కందకంలోంచి నాయక్ పిలిచాడు. నా కింద పనిచేసే జవాను, జనగామ వైపు మనిషి, పొలం పని చేసి వచ్చినవాడు.

"అన్నా, గిది మొరం కాదే. వేళ్లకు పట్టి సాగుతున్నది. చెక్కలు పెట్టియ్యరాదే."

"కాగితంలో మొరం అని ఉన్నది. తవ్వు."

ఆ మాట అన్నది కెప్టెన్ కాదు, నేనే.

నాలుగో రోజు తెల్లవారుజామున వాన దంచింది. పదకొండు ఇరవైకి వాకీటాకీలో కందకం దగ్గరున్న ఆపరేటర్ కేక: "గోడ కూలింది! నాయక్ లోపలున్నడు!"

పార తగులుతుందని చేతులతోనే తోడాం. నలభై నిమిషాలు పట్టింది. అతను బతకలేదు.

విచారణలో కెప్టెన్ నా సంతకం చూపించాడు. తొందరపెట్టిన మాటకు కాగితం ఎక్కడుంటుంది? గొంతు చించుకుని చెప్పాను, ఒక్కడూ వినలేదు. ఏడాది తర్వాత పెన్షన్‌తో లాలాపేట్‌లో ఇంటికి చేరాను. 'దేశసేవ చేశారు' అని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

ఆసుపత్రి వరండా మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. నాయక్ భార్య అతని తల ఒళ్లో పెట్టుకుని, తడి కొంగుతో చెవుల్లోంచి మట్టి తీస్తోంది. తీసేకొద్దీ వస్తోంది. తలెత్తి నన్ను అడిగింది.

"సారూ, మీరు మట్టి పరీక్ష చేసేటోళ్లట గదా. గిది ఏం మట్టి?"

బంకమన్ను అని చెప్పాను. అప్పుడు చెప్పాను.