తెలుగు రాని ట్రక్కు డ్రైవరు

డెట్రాయిట్ ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే నా ట్రక్కులోంచి అన్నపూర్ణమ్మగారి పెట్టె జారిపడిందనీ, అందులోని ఆవకాయ నడిరోడ్డు మీద ప్రదర్శనకు వచ్చిందనీ ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలియని తెలుగువాళ్ళు లేరు. ఊరంతా చాటింది నేనే. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా పప్పుకూ పెరుగుకూ మధ్య ఆ కథ నా చేత చెప్పించుకుని నవ్వేవారు. చెప్పిన ప్రతిసారీ నేను ఒక్క ముక్క మింగేశాను. దాన్ని ఇవాళ కక్కేస్తున్నాను. విన్నాక నన్ను మళ్ళీ భోజనానికి పిలుస్తారో, మానేస్తారో మీ ఇష్టం.

నా పేరు సాంబశివరావు. కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరుని. తలుపుల గడియలు సరిగా పడుతున్నాయో లేదో పరీక్షించడం నా పని. అవును, తలుపుల గడియలే. ఇప్పుడే నవ్వకండి, ఇంకా చాలా ఉంది.

యాభై దాటాక కొందరు మగవాళ్ళకు భక్తి పుడుతుంది, కొందరికి మోకాళ్ళ నొప్పి పుడుతుంది. నాకు పికప్ ట్రక్కు మీద మోజు పుట్టింది. నల్లటి రంగు, గున్న ఏనుగంత ఎత్తు. ఇంటి ముందు ఆపగానే మా ఆవిడ సుజాత గుమ్మంలోంచి అడిగింది.

"ఎందుకండీ ఇది? మనకేమైనా గడ్డివాములున్నాయా మోయడానికి?"

"వీకెండ్స్ రైడ్‌షేర్ డ్రైవ్ చేస్తాను సుజా, యాప్‌లో పిలిచినవాళ్ళను ట్యాక్సీలా ఎక్కించుకుని. దాని పేమెంట్ అదే కట్టుకుంటుంది."

"ట్రక్కుకి అంత బుద్ధుందా?"

"ఉంది."

"పోన్లెండి, ఇద్దరిలో ఒకరికైనా ఉంది."

అలా నా వ్యాపారం మొదలైంది. గిట్టుబాటు సంగతి మీరు అడగకముందే చెప్పేస్తాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాడికి కనీసం ఎలుకైనా దక్కింది. నేను కొండంత ట్రక్కు తిప్పి తెచ్చినదాన్ని గ్యాస్ బంకువాడు, టైర్లవాడు, ఇన్సూరెన్సువాడు పంచుకున్నారు. పైగా ఎక్కేవాళ్ళకు సగం మందికి కాలు అందదు. ఒకావిడను ఎక్కించడానికి మా ఇంటి స్టూలు కూడా తీసుకెళ్ళాను. అయినా ఎవరడిగినా "సూపర్‌గా ఉంది బ్రదర్, బండి ఫ్రీగా వచ్చినట్టే" అనేవాణ్ణి.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. తెలుగు బడి పిల్లల ముందు నిలబడి "ఏ పనికీ సిగ్గుపడకూడదు" అని నాలుక అరిగిపోయేలా ఉపన్యాసం దంచినవాణ్ణి నేను. కానీ మనవాళ్ళెవరైనా నా బండి ఎక్కుతారేమోనని హడలి చచ్చేవాణ్ణి. అందుకే ఆఫీసులో తెల్లవాళ్ళు పెట్టిన ముద్దుపేరు "సామ్" యాప్‌లో పెట్టుకున్నాను. నెత్తి మీద టోపీ, కళ్ళకు నల్లద్దాలు. మిచిగన్‌లో మార్చి నెలలో, ముసురు పట్టినప్పుడు కూడా నల్లద్దాలే.

ఆ ముసుర్లోనే ఓ శనివారం ఎయిర్‌పోర్టులో నాకు రైడ్ తగిలింది. వెళ్ళి చూద్దును కదా, ఎదురుగా స్వెట్టర్ మీద కోటు, కోటు మీద శాలువా కప్పుకున్న పెద్దాయన. పక్కన పట్టుచీర, కాళ్ళకు స్పోర్ట్స్ షూస్‌తో ఆయన భార్య. సుబ్బారావుగారు, అన్నపూర్ణమ్మగారు. కూతురు పురిటికి తెనాలి నుంచి దిగారు. కూతుర్ని డాక్టరు చెకప్‌కి తీసుకెళ్ళిన అల్లుడు రాలేక రైడ్ బుక్ చేశాడట. ఇవన్నీ నేను అడిగి తెలుసుకున్నవి కావు. వాళ్ళు నా ముందే తెలుగులో మాట్లాడుకున్నారు. ఎందుకంటే నేను అప్పటికే నా జీవితంలోకెల్లా పెద్ద తెలివితక్కువ పని చేసేశాను. "మీరు తెలుగువారా బాబూ?" అని ఆయన అడిగితే, "సారీ సర్?" అన్నాను. అదీ ముక్కుతో.

పెద్దపెట్టెలు లోపల సర్దేసరికి చిన్నపెట్టెకు చోటు లేక వెనక తొట్టిలో పెట్టాను. అక్కడి పోలీసాయన ఈల మీద ఈల వేసి తరుముతుంటే తొట్టి వెనక తలుపు ధబీమని వేసి వచ్చి కూర్చున్నాను.

బండి హైవే ఎక్కింది. అన్నపూర్ణమ్మగారు వెనక సీట్లోంచి నన్ను తీరిగ్గా పరిశీలించడం మొదలుపెట్టారు.

"ఏవండీ, ఈ అబ్బాయి మనవాడిలా లేడూ? ఆ చెవులు చూడండి, అచ్చం మా పెదమావయ్యవే."

"నీ మొహం. అల్లుడు చెప్పలా, పేరు సామ్ అని?"

"సామేంటండీ? మొహం చూస్తే సాంబయ్యలా ఉంటేనూ."

స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను.

"అయినా ఇంత బండేసుకుని ఇద్దర్ని మోస్తే ఏం గిడుతుందండీ ఈయనకి?"

సుబ్బారావుగారు కరెంటాఫీసులో లెక్కలు చూసి రిటైరైన మనిషి. ముందుకు వంగారు. "మిస్టర్ సామ్! మైలేజ్ హౌ మచ్?"

"ఇట్స్ ఓకే, సర్."

ఆయన వెనక్కి వాలి, తీర్పు చెప్పారు. "చెప్పట్లేదంటే గిట్టట్లేదన్నమాట."

సుజాత కొన్ని నెలలుగా చెబుతున్నది ఆయన కొన్ని మైళ్ళలోనే కనిపెట్టేశారు.

తరువాత మాట చిన్నపెట్టె మీదికి మళ్ళింది. "అది ఒళ్ళో పెట్టుకుందామంటే విన్నారు కాదు. బొంత అందులోనే ఉంది" అన్నారావిడ. పుట్టబోయే బిడ్డ కోసం ఆవిడ తన తల్లి చీర, అత్తగారి చీర, తన చీర కలిపి స్వయంగా కుట్టిన బొంత అది. ఆ ఇద్దరు పెద్దవాళ్ళూ లేరు. మిగిలినవి ఆ చీరలే. బిడ్డను మొదట దాని మీదే పడుకోబెట్టాలని ఆవిడ ముచ్చట.

"ఆవకాయ సీసా ఎందులో పెట్టావ్?"

"బొంతలోనే చుట్టాను. మెత్తగా ఉంటుంది, పగలదని."

"బంగారం లాంటి ఆలోచన" అన్నారాయన పంటి బిగువున.

హైవే దిగబోతున్నాం. అప్పుడు ఆవిడ అన్నారు. ఇన్నాళ్ళూ నేను మింగేసిన ముక్క ఇదే.

"ఏవండీ, వెనక తలుపు సరిగా పడలేదేమో. టకటకమంటోంది."

"బండి ఆయనది. ఆయనకి తెలీదూ?"

విన్నాను. స్పష్టంగా విన్నాను. వెనక నుంచి చప్పుడు కూడా విన్నాను. కాలు బ్రేకు మీదికి పోయింది కూడా. గడియ సగమే పడితే ఎలా టకటకమంటుందో ఈ దేశంలో నాకంటే బాగా తెలిసినవాడు ఉండడు. జీతం ఇచ్చేదే అందుకు. కానీ ఆ మాట అనగానే బండి ఆపితే? తెలుగు వచ్చని తెలిసిపోదూ? చెవుల దగ్గర్నుంచి మైలేజీ దాకా అన్నీ విన్నానని తెలిసిపోదూ? "మలుపు తిరిగితే గ్యాస్ బంకుంది. గ్యాస్ వంకతో ఆగి తలుపు వేసేద్దాం. పరువూ దక్కుతుంది, పెట్టే దక్కుతుంది" అనుకున్నాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు నీళ్ళలో పడతాడంటారు. నా విషయంలో నేను పొడిగానే ఉన్నాను, పడింది పెట్టె.

మలుపులో వెనక ధడేల్‌మంది.

బండి పక్కకు ఆపి వానలో పరుగెత్తాను. గడ్డి అంచున పెట్టె నోరు తెరుచుకుని పడుంది. సీసా ముక్కలైంది. ఆ మూడు చీరల మీద ఎర్రటి నూనె నిదానంగా పాకుతోంది. నోటిదాకా వచ్చిన "అయ్యయ్యో"ను ఆపి, "ఓ మై గాడ్! ఓ మై గాడ్!" అన్నాను. అంత దుఃఖంలోనూ యాస తప్పలేదు, చూశారా!

ఆవిడ దిగి వచ్చి బొంతను చేతిలోకి తీసుకున్నారు. గాజుపెంకులు దులిపి, మడత పెట్టి, గుండెకు ఆనించుకున్నారు. పట్టుచీర పాడవుతుందన్న ధ్యాస కూడా లేదు. భర్త నా మీద కేకలు వేయబోతే ఆవిడే ఆపారు.

"పోనివ్వండి. ఆయనేం చేస్తాడు పాపం, మన భాష రాదు కదా."

ఇంటి దగ్గర దింపితే సుబ్బారావుగారు అయిదు డాలర్లు టిప్పు కూడా ఇచ్చారు. పుచ్చుకున్నాను.

నాలుగు వారాలు గడిచాయి. "ఆదివారం లావణ్య వాళ్ళింట్లో బారసాల, రెడీ అవ్వండి" అంది సుజాత. లావణ్య తెలుగు బడిలో ఆమెతోపాటు పాఠాలు చెబుతుంది. "పాపం, వాళ్ళమ్మ తెచ్చిన బొంత ఎవడో దరిద్రుడు పాడుచేశాడట. తెలుగు కూడా రాని ట్రక్కు డ్రైవర్‌ట."

"అవునా" అన్నాను. వెంటనే కడుపునొప్పి తెచ్చుకున్నాను కానీ, ఆ నొప్పిని మా ఆవిడ ఎన్నడూ నమ్మలేదు.

టోపీ లేదు, నల్లద్దాలు లేవు, ఎవరు గుర్తుపడతారులే అని ధైర్యం చెప్పుకుని వెళ్ళాను. ఉయ్యాలలో పసిపిల్ల. కింద అదే బొంత. ఎన్ని ఉతుకులు ఉతికారో, మరక మాత్రం మిచిగన్ మ్యాపులా మిగిలింది. దాన్ని చూస్తూ నిలబడిపోయాను. వెనక నుంచి ఎవరో ఆప్యాయంగా అడిగారు.

"భోంచేశారా సామ్ గారూ?"

"ఇంకా లేదండీ" అన్నాను. తెలుగులో. చక్కటి తెలుగులో.

హాలంతా నావైపు తిరిగింది. అన్నపూర్ణమ్మగారు నవ్వుతున్నారు. సుజాత నవ్వడం లేదు.

ఇక దాచడానికేముంది? ట్రక్కు, టోపీ, ముక్కుతో మాట్లాడిన ఇంగ్లీషు, అన్నీ ఒప్పుకున్నాను. జనం పొట్టలు పట్టుకున్నారు. "ఇంతకీ గిడుతోందా బాబూ?" అని సుబ్బారావుగారు, "చెప్పండి, నేనూ వింటాను" అని సుజాత. "తలుపు సరిగా పడలేదని తెలీలేదండీ" అని మాత్రం ఒక్క అబద్ధం ఆడాను. అందరూ నమ్మారు. అలా నా కథకు ఊళ్ళో గిరాకీ పెరిగింది.

ఆ అబద్ధం మాత్రం ఆవకాయ నూనెలా ఎంత కడిగినా పోలేదు. సెప్టెంబరులో వాళ్ళు తిరుగు ప్రయాణమయ్యారు. నేనే దింపుతానని పట్టుబట్టాను, యాప్ లేకుండా. ఎయిర్‌పోర్టులో సుబ్బారావుగారు సామాన్ల బండి కోసం లోపలికి వెళ్ళగానే నోరు విప్పాను.

"పిన్నిగారూ, ఆ రోజు తలుపు సంగతి మీరన్నది నేను విన్నాను. తెలిసి కూడా ఆపలేదు."

"తెలుసు నాయనా."

"తెలుసా?"

"నేనలా అన్నానో లేదో, బండి నెమ్మదించింది. సరే విన్నాడు, ఆపుతాడు అని నేను ఊరుకున్నాను. విన్లేదనుకుంటే నీ భుజం పట్టుకుని ఊపి ఆపించనూ?"

అంటే ఏమిటన్నమాట? నిజంగానే నాకు తెలుగు రాకపోయుంటే, ఆ బొంత దక్కేది.

అందుచేత అక్కడికక్కడే, ఈల వేస్తున్న పోలీసాయన సాక్షిగా, మనసులో ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఇకపై నా బండి ఎక్కినవాడు ఏ ఖండంవాడైనా సరే, "నమస్కారమండీ, నాకు తెలుగొచ్చు, జాగ్రత్తగా తిట్టుకోండి" అని చెప్పనిదే గేరు వేయను. గిట్టినా, గిట్టకపోయినా.

పైకి మాత్రం చేతులు జోడించి, ఆ బిడ్డ పుట్టకముందే చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పాను.

"తప్పు నాదే పిన్నిగారూ. మీ అమ్మగారి చీర కంటే నా పరువే ఎక్కువనుకున్నాను. నన్ను క్షమించండి."