వంగని రాడ్డు

నారాయణ పదహారో ఏటి నుంచి ఉద్దానం తోటల్లో కొబ్బరికాయల కావిడి మోశాడు. ఆ తరవాత ఇరవై ఏళ్లు స్టీరింగు పట్టాడు. రెండు పనులకూ తేడా ఏమిటని అడిగితే, కావిడి మోసేటప్పుడు వెనక కూర్చుని ఎవరూ తిట్టరని చెప్పేవాడు.

వెనక కూర్చుని తిట్టేది జగదీశ్వరరావు. జలంత్రకోట దగ్గర తోటలున్న పంచాయతీ ప్రెసిడెంటు. 2001లో ఆయన సుమో కొన్నాడు. ఎక్కడికి వెళ్లినా బండిపైన ఎనిమిదిమంది అనుచరులు ఉండాలి. పైన ఎనిమిదిమంది కూర్చుంటే ఏ బండైనా మలుపులో ఒరుగుతుంది. బండితోపాటు ప్రెసిడెంటు కూడా కిటికీ వైపు ఒరిగేవాడు. పలాస స్టేషన్ దగ్గర అది చూసి ఎవరో నవ్వారు.

అనుచరులను దింపితే సరిపోయేది. కానీ అనుచరులు లేని సుమో ఆయన దృష్టిలో టాక్సీ. అందుకని వెనక చక్రాల మధ్య లావుపాటి స్టెబిలైజర్ రాడ్డు బిగింపించాడు. బండి ఒరగకుండా రెండు వైపులనూ కలిపి పట్టుకునే రాడ్డు అది. ఎంత లావైతే అంత మర్యాద అనుకుని, పాత లారీ నుంచి తీసినదాన్ని ఏరి మరీ పెట్టించాడు.

బండి ఒరగడం మానేసింది. తోక తిప్పడం మొదలుపెట్టింది.

తొలి వానకే జలంత్రకోట మలుపులో వెనక భాగం జారి సుమో జీడితోటలోకి దిగింది. అనుచరులు పండిన జీడిపళ్లలా రాలారు. ఎవరికీ ఏమీ కాలేదు, ఒకరి పంచె మాత్రం కొమ్మమీద ఉండిపోయింది.

"కల్లు తాగి తోల్నావేట్రా?" అన్నాడు ప్రెసిడెంటు.

"నేదు బావూ." నారాయణ బండి కిందికి దూరి చూసి వచ్చాడు. "రాడ్డు బావూ. కావిడి బద్ద వంగుతాది గనకే మోసేవోడి కాళ్లు నిలుత్తాయి. ఇనప సువ్వతో మోసి మలుపు తిరగండి, బోర్లా పడతారు. ఇదీ అంతే. లోపలి సక్రం తేలిపోతంది, బరువంతా బయట సక్రమ్మీద పడతంది. తడిలో అది జారదా?"

"కావిడి మోసినోడివి, నాకు ఇంజినీరింగు సెప్తన్నావా?"

"ఇంజినీరు మోసినా ఇదే సెప్తాడు బావూ."

"రేపు ఇదే మలుపులో నాను తోల్తాను. నీకు తోలడం రాదని అందరూ సూత్తారు. ఆ తరవాత నువ్వు రానక్కర్నేదు."

తోలడం రాదని ఒకసారి పేరు పడితే పలాస నుంచి టెక్కలి దాకా ఎవరూ నారాయణకు బండి ఇవ్వరు.

మర్నాడూ చినుకులు పడుతున్నాయి. అనుచరులందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. ఎవరూ బండెక్కలేదు, రోడ్డు పక్కన నిలబడ్డారు. నారాయణ పక్క సీట్లో కూర్చున్నాడు. ప్రెసిడెంటు జోరుగా వచ్చి మలుపు తిప్పాడు. సుమో నడిరోడ్డుమీద గిర్రున తిరిగి, వచ్చిన దారికే ముఖం పెట్టి ఆగింది.

అనుచరులు పరిగెత్తుకొచ్చారు.

"కుక్క అడ్డొచ్చింది," అన్నాడు ప్రెసిడెంటు.

"ఔను బావూ, నల్ల కుక్క," అన్నాడు నారాయణ.

"నల్లదేటి, ఎర్రదిరా! నాను సూణ్ణేదా?"

కుక్క రంగుమీద అనుచరులు రెండు వర్గాలయ్యారు. ఆ గొడవలో ప్రెసిడెంటు మెల్లగా నారాయణతో, "కాశీబుగ్గ ఎల్దాం, పద," అన్నాడు.

కాశీబుగ్గలో మెకానిక్ సన్యాసిరావు రాడ్డు ఊడదీసి చేత్తో బరువు చూశాడు. "ఇది బండికా, గేదిని కట్టడానికా?" అన్నాడు. ప్రెసిడెంటు విననట్టు టీ తాగాడు.

తిరుగు ప్రయాణంలో నారాయణ తోలాడు. రోడ్డు ఇంకా తడిగానే ఉంది. పొద్దున ప్రెసిడెంటు వచ్చిన వేగంతోనే మలుపులోకి వచ్చాడు. బండి ఒరిగింది. ప్రెసిడెంటు పై పిడి గట్టిగా పట్టుకున్నాడు.

"ఒరుగుతందిరా!"

"ఒరగనీండి బావూ. ఒరిగినా పట్టు వదల్దు."

నాలుగు చక్రాలూ రోడ్డు విడవకుండా మలుపు దాటాయి. జీడితోట వెనకపడింది.

"రేపు ఏడింటికి కోటబొమ్మాళి ఎల్లాల," అన్నాడు ప్రెసిడెంటు పిడి వదిలి. "డీజిలు కొట్టించి తే."