పెద్దమ్మలు బతకని నవలలు

బట్టలు సరిచేసే కొట్టు నడిపే ఆవిడని వీధంతా కత్తెరమ్మ అంటారు. పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తుంది, పొట్ట పెరిగినవాళ్ల చొక్కాలు వదులు చేస్తుంది, ఆ పొట్ట ఎందుకు పెరిగిందో మొహం మీదే చెబుతుంది. యాభై దాటేదాకా ఆవిడ నవల ముట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం పడుచుపిల్లలు చదివే నవలలు ఒకదాని వెనక ఒకటి నమిలేస్తోంది. సరదాకి కాదు, చెల్లెలి కూతురి మనసులో ఏముందో కనిపెట్టడానికి.

చెల్లెలు పోయినప్పట్నుంచీ ఆ పిల్ల కొట్టు వెనక గదిలో పెద్దమ్మ దగ్గరే పెరుగుతోంది. ఇప్పుడు పదిహేనేళ్లు. ఆ వయసు పిల్లని మాట్లాడించడం కన్నా రాయికి గుండీ కుట్టడం తేలిక. "తిన్నావా?" అంటే "ఊఁ". "ఏమాలోచిస్తున్నావే?" అంటే "ఏం లేదు". ఆపైన లైబ్రరీ పుస్తకంలో తల దూర్చేస్తుంది.

ఇలా ఉండగా మరిది, అంటే పిల్ల తండ్రి, ఫోన్ చేశాడు. మళ్లీ పెళ్లయింది, ఇల్లు కట్టుకున్నాడు, అందులో కూతురికి విడిగా గది ఉంది. సెలవులివ్వగానే వచ్చి, తనతో వస్తుందో రాదో పిల్లనే అడుగుతాడట. "రండి, దానికేం భాగ్యం," అని పెట్టేసింది కత్తెరమ్మ. ఆ రోజంతా మిషన్ సూదులు విరుగుతూనే ఉన్నాయి. పోతే పోనీ అనుకోవడానికి మనసు ఒప్పదు. పోవద్దని చెప్పడానికి కన్నతల్లి కాదు.

అందుకని పిల్ల బడికి వెళ్లగానే, తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాల దొంతర ముందేసుకుని కూర్చుంది.

మొదటిది దెయ్యాల నవల. పాతబంగళాలో అమ్మానాన్నా లేని పిల్ల, పెంచుతున్న పెద్దమ్మ. మూడో అధ్యాయంలో దెయ్యం పెద్దమ్మని మింగేసింది. ఆ దెయ్యానికి బుద్ధి లేదని కత్తెరమ్మ తేల్చేసింది. ఇల్లు నడిపే మనిషిని మింగేస్తే రేపు కరెంటు బిల్లు ఎవరు కడతారు?

రెండోది రాజకుమార్తెల నవల. నేల జీరాడే గౌనుతో కథానాయిక నది ఈదేసింది. గౌను తడిస్తే గోనెబస్తా అంత బరువు! ఈదడం మాట దేవుడెరుగు, తేలడమే గొప్ప. పైగా ఆ పిల్ల పారిపోయింది పెద్దమ్మ ఇంట్లోంచే. ఇంకోదాంట్లో లోకమంతా తగలబడ్డాక పదహారేళ్లవాళ్లు ప్రభుత్వాన్ని కూల్చేశారు. కూల్చుకోనీ, ఆవిడ కాదనలేదు. పెద్దమ్మని శత్రువుల మధ్య వదిలేసి పోవడమేం మర్యాద? ప్రేమకథలో ఇద్దరూ మూడొందల పేజీలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు, మధ్యలో పెద్దమ్మ జబ్బు చేసి పోతే ఎవరూ పట్టించుకోలేదు. అంతరిక్షం నవల మరీ అన్యాయం. పెద్దమ్మ మొదటి పేజీలోనే భూమితో సహా పోయింది.

"ఈ రాసేవాళ్లకి పెద్దమ్మలు ఏం ద్రోహం చేశారండీ?" అని, ప్యాంటు కోసం వచ్చిన లెక్కల మాస్టార్ని నిలదీసింది.

"కథ ముందుకి నడవాలి కదమ్మా," అన్నాడాయన.

"అంటే మేం అడ్డమా?"

మాస్టారు ప్యాంటు కొలత కూడా చూసుకోకుండా వెళ్లిపోయాడు.

పైకి ఎన్ని అన్నా లోపల ఆవిడకి గుండె జారిపోయింది. కొట్లో మిగిలిన గుడ్డపేలిక ఒకటి ప్రతి పుస్తకంలోనూ గుర్తుగా ఉంది. ఎక్కడని? సరిగ్గా పెద్దమ్మ పోయిన చోట, లేదంటే పెద్దమ్మని వదిలిపోయిన చోట. ఇంకా అడిగేదేముంది, పిల్ల ప్రయాణం కట్టేసినట్టే అనుకుంది. గట్టి గుడ్డ తీసి ఒక సంచీ కుట్టడం మొదలుపెట్టింది. రెండు వరసల కుట్టు వేసి, పుస్తకాలకి విడిగా జేబు పెట్టింది. కుడుతున్నంతసేపూ ఏడుపొస్తూనే ఉంది, కానీ కుట్టు వంకర పోనివ్వలేదు.

సెలవులిచ్చారు, మరిది వచ్చాడు. "వదినగారూ, మీ రుణం తీర్చుకోలేను," అని కూతురి వైపు తిరిగి, "ఏమ్మా, వస్తావా?" అన్నాడు.

పిల్ల పెద్దమ్మ వైపు చూసింది.

"నన్ను చూస్తావేం? నీ ఇష్టం. ఇదిగో, సంచీ కూడా కుట్టేశాను," అంది కత్తెరమ్మ.

పిల్ల మొహం పాలిపోయింది. "నన్ను పంపించేస్తున్నావా?"

"బాగుంది వరస! పోవాలని ఉన్నది నీకు కాదుటే? పెద్దమ్మని వదిలిపోయిన చోటల్లా పేలిక పెట్టుకున్నావు. అన్నీ చూశాను."

"అది గుర్తు కాదు పెద్దమ్మా. అక్కడికొచ్చేసరికి చదవబుద్ధి కాక మూసేశాను. అందులో ఒక్కటి కూడా పూర్తి చెయ్యలేదు."

మరిది కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, అవి శుభ్రంగానే ఉన్నా. "సెలవుల్లో నాలుగు రోజులు వచ్చి పోతాను నాన్నా," అని పిల్ల నెమ్మదిగా చెబితే తలూపాడు.

కత్తెరమ్మ సంచీని కూతురి పుస్తకాల దొంతర మీద పడేసింది. అవును, కూతురనే అనుకుంది, మొదటిసారి. "లైబ్రరీకి మోసుకెళ్లడానికి పనికొస్తుందిలే," అంది.

"తర్వాత ఏమైంది పెద్దమ్మా, ఆ కథల్లో?"

"నేను అన్నీ చివరిదాకా చదివాను," అంది కత్తెరమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ. "పెద్దమ్మ పోయాక ఒక్క కథా బాగుపడలేదు."