పాత క్లిప్పు

మా ఆయన్ని బస్సుల గ్యారేజీలో అందరూ రేపు మేస్త్రీ అంటారు. ఎవరెంత తొందరపెట్టినా "రేపు చూద్దాం" అనడం ఆయన అలవాటు. సరైన సామాను దొరికేదాకా బస్సును కదలనివ్వరు. ఇంట్లో కుళాయి కారినా అంతే. కొత్త వాషరు వచ్చేదాకా కింద బకెట్టు పెట్టుకుని కాపురం చేశాను. ఆ నిదానం చూసి ఒళ్లు మండిన రోజులకు లెక్కలేదు.

మా తమ్ముడికి ఓ పాత కారుంది. అదే వాడి బతుకుతెరువు. అది నీలం పొగ కక్కుతూ, ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంటే తెచ్చి మా వాకిట్లో పెట్టాడు. మా ఆయన ఇంజను విప్పి చూసి, "ఒక పిస్టను అరిగిపోయింది, మిగతావి బాగానే ఉన్నాయి" అన్నారు. శుక్రవారం వాకిట్లో మొదలైన పని శనివారానికి నా ముందు గదిలోకి వచ్చేసింది. టీపాయ్ మీద బోల్టులు, కిటికీలో రింగులు, సోఫా నిండా కాగితాలు పరిచి వాటి మీద ఇంకేవేవో. ఇల్లంతా కిరోసిన్ కంపు. నేను కూర్చోవడానికి గుమ్మం ఒక్కటే మిగిలింది.

ఆదివారం పొద్దున బిగింపు మొదలైంది. కొత్త పిస్టనుకు అడ్డంగా ఒక పిన్ను దూర్చి రాడ్డుకు తగిలించారు. ఆ పిన్ను పక్కకు జారకుండా రెండు వైపులా ఉంగరాల్లాంటి చిన్న క్లిప్పులు పెట్టాలి. ఒకటి పెట్టారు. రెండోది పట్టకారు నుంచి టింగుమని ఎగిరిపోయింది. ఇద్దరం చీపురు పట్టుకుని బీరువా కిందా, చెప్పుల వెనకా వెతికాం. దొరకలేదు.

"రేపు కొట్టు తెరవగానే తెస్తాను," అన్నారు.

"రేపు పొద్దున్నే వాడికి దూరం బేరం ఉందండీ! పాత పిస్టను నుంచి తీసిన క్లిప్పు ఉందిగా, అది పెట్టేయండి."

"దాని పట్టు పోయుంటుందే. ఒకసారి తీసింది మళ్లీ పెట్టకూడదు."

"ఇన్నాళ్లూ అందులోనే ఉందిగా! మీ రేపుతో నా తమ్ముడి నోట్లో మట్టి కొట్టకండి."

తమ్ముడి మీద ప్రేమతో అన్నానని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. నా సోఫా నాకు కావాల్సి వచ్చింది, అంతే. ఆయన కాసేపు నా మొహం వంక చూసి, పాత క్లిప్పును గుడ్డతో తుడిచి పెట్టారు. సాయంత్రానికి ఇంజను కుట్టుమిషనులా నడిచింది. నేను హాయిగా ఇల్లు కడుక్కున్నాను.

తొమ్మిదో రోజున కారును తాడు కట్టి లాక్కొచ్చారు. మా ఆయన మళ్లీ విప్పారు. క్లిప్పు ఊడి, పిన్ను పక్కకు జరిగి, సిలిండరు గోడను లోతుగా గీరేసింది. ఇక ఆ ఇంజను పనికిరాదు. తమ్ముడు తల పట్టుకున్నాడు.

"ఆయిలు సరిగ్గా చూసుకోలేదేమో బావా. నా చేతులారా చేసుకున్నాను. నువ్వు పడ్డ కష్టమంతా మట్టిపాలు చేశాను," అన్నాడు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి, చెప్పొద్దని మా ఆయనకు తల అడ్డంగా ఊపాను. ఆయన చూశారు.

"నీ తప్పు కాదురా. పాత క్లిప్పు పెట్టాను. తెలిసే పెట్టాను," అన్నారు.

ఎవరు పెట్టమన్నారో మాత్రం చెప్పలేదు. నేను చెబుతానేమోనని ఒక్క క్షణం ఆగినట్టు కూడా అనిపించింది. నా నోట మాట రాలేదు. రాకపోవడమేమిటి, నేనే రానివ్వలేదు.

ఆయన గ్యారేజీకి సెలవు పెట్టి, నాలుగు ఊళ్లు తిరిగి, ఇంకో ఇంజను వెతికి తెచ్చి బిగించారు. తమ్ముడు పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ తర్వాత కారును వేరే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. ఆ సంగతి తెలిసిన రోజు మా ఆయన భోజనానికి కూర్చుని, తినకుండానే లేచారు. నన్ను మాత్రం ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది, పడేదాన్ని.

మొన్న తమ్ముడు వచ్చాడు. మా ఆయన వాకిట్లో సైకిలుకు గాలి కొడుతున్నారు. వాడు నా పక్కన సోఫాలో కూర్చుని, గొంతు తగ్గించాననుకుంటూ అన్నాడు: "బావకి పెద్దతనం వచ్చేసిందక్కా. ఇదివరకటి చెయ్యి కాదు. ఇక కార్ల జోలికి పోవద్దని నువ్వైనా చెప్పు."

వాకిట్లో పంపు చప్పుడు ఆగిపోయింది.

"చెబుతాలేరా," అన్నాను.